సువార్త వదిన చెవి మిషను, దీవెన పెట్టుకున్న యాప్

2023 ఎండాకాలం. పెడనలో మా డ్వాక్రా గ్రూపుకి నేను లీడర్ని. అంతకు ముందు చాలా ఏళ్లు అద్దకం బల్ల దగ్గర నిలబడి కలంకారీ అచ్చులు వేశాను. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. బ్యాంకులో వేలిముద్ర వేయడం సిగ్గనిపించి నేర్చుకున్నాను. ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని కాబట్టి రాత మీద పిచ్చి ఎక్కువ. రాసుకున్న రూపాయి ఎక్కడికీ పోదని సభ్యుల్ని ఇరవై ఏళ్లు తిట్టి తిట్టి ఖర్చులు రాయించాను.

ఆ ఏడు మా సభ్యురాలు సువార్త వదినకి చెవులు వినపడడం తగ్గిపోయింది. మేం ఒకటి అడిగితే ఇంకోటి చెప్పేది, అందరూ నవ్వేవాళ్లు. మెల్లగా మీటింగులకి రావడం మానేసింది. గుడివాడ డాక్టరు చెవికి మిషను పెట్టాలన్నాడు. పద్దెనిమిది వేలు. వదిన కూతురు దీవెన బందరులో బట్టల షాపులో చేస్తుంది. జీతం ఇరవయ్యో తారీకుకే అయిపోతుంది. ఆ పిల్ల ఫోను పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"అత్తా, బడ్జెట్ యాప్‌లు మూడు చూశాను. ఏది పెట్టుకోమంటావు?"

ఒక్కోటీ కూడబలుక్కుని చదివాను. మొదటిది మన మెసేజీలు, ఫొటోలు అన్నీ చూడనివ్వమంది. "లెక్క రాసేదానికి నీ ఫొటోలెందుకే? తీసెయ్" అన్నాను. రెండోదాంట్లో ప్రతి ఖర్చూ మనమే రాయాలి. దేనికెంత పోయిందో నెలాఖరుకి రంగుల చక్రం వేసి చూపిస్తుంది. మూడోది ఎన్వలప్ యాప్, అంటే జీతం పడ్డ రోజే డబ్బుని కవర్లు కవర్లుగా విడగొట్టి చూపేది. అదంతా చాదస్తం అనిపించింది నాకు. రెండోదే పెట్టించాను.

దీవెన మూడు నెలలు టీ కూడా వదలకుండా రాసింది. మిషనుకి రూపాయి మిగల్లేదు. ఎలా ఉందో చూద్దామని వాళ్లింటికి వెళ్లాను.

"చక్రం మాత్రం బాగుందత్తా, ముగ్గేసినట్టుంది" అంది. ఆ వెటకారం నాకే.

వంటింటి గుమ్మంలో కూర్చున్నాం. మా మాటలు వినపడని వదిన తన పని తను చేసుకుంటోంది. బియ్యం కొలిచి గిన్నెలో పోసింది. కడగబోయే ముందు ఒక గుప్పెడు తీసి పక్కనున్న డబ్బాలో వేసింది. ఆదివారం చర్చికిచ్చే గుప్పెడు బియ్యం అవి. నా చిన్నప్పుడు వాళ్ల పేటలో ఏ ఇంటికెళ్లినా ఆ డబ్బా కనిపించేది. ఇంట్లో నూకలు మాత్రమే ఉన్న రోజున కూడా ఆ గుప్పెడు తీశాకే ఎసట్లో పోసేవాళ్లు. తిన్నాక మిగిలితే ఇద్దాంలే అనే మాట ఆ ఇళ్లలో నేనెప్పుడూ వినలేదు.

"దానివల్ల అన్నం చాలలేదని మీ అమ్మ ఎప్పుడైనా అందా?" అని అడిగాను.

"లేదు. ఉన్నదాంట్లోనే సర్దుతుంది."

"అయితే ఆ మూడోది పెట్టు. నేను చెప్పింది తప్పు."

దీవెన నా మొహంలోకి చూసింది. "ఇంకోసారి అను అత్తా, అమ్మకి వినపడలేదు."

అప్పటినుంచి జీతం పడ్డ రోజే పదిహేను వందలు 'అమ్మ చెవి' అనే కవరులోకి వెళ్లేవి. యాప్‌లో కవరు ఉత్త బొమ్మే. డబ్బు ఖాతాలోనే ఉంటే చెయ్యి పడుతుందని, అదే రోజు పోస్టాఫీసులో వేయించేదాన్ని. దీవెన ఇరవయ్యో తారీకు తర్వాత ఇబ్బంది పడింది, క్రిస్మస్‌కి పాత చీరే కట్టింది. ఏడాది పట్టింది.

మిషను పెట్టుకుని వదిన మీటింగుకొచ్చిన రోజు, కొత్తగా చేరినావిడ ఖర్చులు రాయలేదని నేను కేకలేస్తున్నాను.

"ఎందుకొదినా ఆ అరుపులు, ఇప్పుడు నాక్కూడా వినపడుతున్నాయి. రాత తర్వాతైనా రాసుకుంటుంది. ముందు తీసి పక్కన పెట్టమను" అంది సువార్త.

అందరూ నన్ను చూసి నవ్వారు. రాత వల్ల పోయిన డబ్బుకి లెక్క తెలుస్తుంది, అంతే. డబ్బు మిగలాలంటే ఖర్చుకి ముందే తీయాలి. అది తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. సువార్తకి ఇప్పటికీ సంతకం రాదు. ఆవిడన్న మాటని ఆ రోజు మినిట్స్ పుస్తకంలో, అంటే మీటింగు తీర్మానాలు రాసే పుస్తకంలో, ఆవిడ పేరుతోనే నా చేత్తో రాశాను.