పదిమంది చూస్తుండగా

వేసవి మొదలయ్యేసరికి మా వీధి చివరి కొట్లో మజ్జిగ ప్యాకెట్లు పెడతారు. మొన్న మా అమ్మాయికి పరీక్ష అట్ట కొనడానికి వెళ్ళి, ఎండకి తట్టుకోలేక ఒక ప్యాకెట్టు తీసుకుని మూల కొరికానో లేదో, అల్లం, కరివేపాకు, ఇంగువ కలిసిన ఆ పుల్లటి వాసన గుప్పుమని తగిలి నాకు భిన్నాల లెక్కలు గుర్తొచ్చాయి. నవ్వుకోండి, ఫర్వాలేదు. మజ్జిగ తాగితే అందరికీ కడుపు చల్లబడుతుంది, నాకు మాత్రం ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. దానికి కారణం మా అమ్మ.

మాది కర్ణాటకలో, రాయచూరు జిల్లా గిల్లేసూగూరు దగ్గర ఒక క్యాంపు. క్యాంపంటే గుడారాలనుకునేరు. తుంగభద్ర కాలువ వచ్చినప్పుడు గోదావరి జిల్లాల నుంచి ఇత్తడి గుండిగలూ, ఆవకాయ జాడీలూ, అరటి పిలకలూ లారీలకెక్కించుకుని వచ్చి, ఇక్కడి నల్లరేగడి కొని వరి వేసినవాళ్ళ ఊళ్ళని ఈ ప్రాంతంలో అలాగే పిలుస్తారు. మావి కాలువ చివరి పొలాలు. పైనున్నవాళ్ళంతా తడుపుకోగా మిగిలిన నీళ్ళు మాకు రావాలి. అందుకని ఫాల్గుణ మాసం వచ్చి, రెండో పంట పాలు పోసుకునే వేళకి మగవాళ్ళంతా పారలు పట్టుకుని కాలువ గట్ల మీదే కాపురం ఉండేవారు. మేము పిల్లలం ఎండిన పిల్లకాలువల్లో దిగి తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళం. కాముని పండగకి పక్క ఊరి పిల్లలు వచ్చి మా దొడ్లో కట్టెలు ఎత్తుకుపోతే పెద్దవాళ్ళు తిట్టుకుంటూనే మర్నాడు వాళ్ళకి గారెలు పెట్టేవారు, వాళ్ళ తల్లులు మాకు హోళిగెలు పంపేవారు. హోళిగెన్నా బొబ్బట్టన్నా మాకొకటే, రెండిళ్ళవీ తినేవాళ్ళం.

ఆ సంబరాల మధ్యే ఏడో తరగతి పరీక్ష వచ్చిపడేది. ఇప్పటివాళ్ళకి తెలియదు గానీ, అప్పట్లో అదే మాకు పెద్ద గండం. దాటితే హైస్కూలు, దాటకపోతే నాట్లు, కలుపులు, ఆ తర్వాత పెళ్ళి. ఆ నెలంతా రాములవారి గుడి మైకు మూగపోయేది. అరుగుల మీద చుట్టలు కాల్చుకుంటూ లోకాన్నంతా ఏకిపారేసే తాతలు కూడా, లోపల ఎవరో పిల్ల కన్నడంలో పాఠం వల్లె వేస్తుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా గొంతు తగ్గించేవారు. పిల్లలున్న ప్రతి ఇంటా బాదంపప్పు నానేది, కొబ్బరినూనె మాడు మీద చరిచేవారు. మా ఇంట్లో కూడా అన్నీ జరిగాయి. అయినా నా తంటా నాకుండేది.

చదువు రాక కాదండీ. ఇంట్లో, మంచం కింద దూరి కూర్చుంటే పుస్తకం పుస్తకమంతా అప్పజెప్పేదాన్ని. కానీ కొత్తవాళ్ళు ఎవరైనా నా వంక చూశారంటే చాలు, అరచేతులు చెమటలు పట్టి, పెన్ను జారిపోయి, తలలో ఉన్నదంతా ఎవరో ఊడ్చేసినట్టు అయిపోయేది. మా బడిలో పర్వాలేదు, అందరూ మావాళ్ళే. ఆ సంక్రాంతి దాటాక, అసలు పరీక్షకి అలవాటు కావాలని వేరే ఊరి బడిలో నమూనా పరీక్ష పెట్టారు. ఎవరో మీసాలాయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అంతే! పేరు తప్ప ఏమీ రాయకుండా తెల్ల కాయితం ఇచ్చి వచ్చాను.

నాన్న చెడ్డవాడు కాదు, కానీ నీళ్ళ గొడవతో విసిగిపోయి ఉన్నాడు. కాళ్ళు కడుక్కుంటూ, “ఈసారీ ఇలాగే తెల్ల కాయితం ఇచ్చొచ్చిందంటే చదువు చాలు. ఇంట్లో ఉండి నీకు సాయం చేస్తుంది,” అన్నాడు అమ్మతో. అరిచి చెప్పి ఉంటే రేపటికి మర్చిపోతాడులే అనుకునేదాన్ని. మెల్లగా చెప్పాడు.

అమ్మ సంగతి చెప్పాలి. తణుకు దగ్గర పల్లె నుంచి పెళ్ళయి వచ్చాక ఆవిడ క్యాంపు దాటి ఒంటరిగా అడుగు పెట్టిన మనిషి కాదు. క్యాంపులో తెలుగు సరిపోతుంది, కన్నడం అవసరం పడలేదు. చీరలు నాన్న తెచ్చేవాడు, గాజులు గంపలో పెట్టుకుని అమ్మే ఆవిడ ఇంటికే తెచ్చేది. కొత్త మనుషులొస్తే తలుపు వెనకాల నిలబడి మాట్లాడేది. అలాంటి మనిషి మర్నాడు చెంగు భుజం మీద కప్పుకుని మా బసప్ప మేష్టారి దగ్గరికి వెళ్ళి, గడప ఇవతలే నిలబడి, నన్ను ముందుకి తోసింది. ఆయన తెలుగూ కన్నడం కలిపి చెప్పిందేమిటంటే, ఈ పిల్లకి అన్నీ వచ్చు, నలుగురు చూస్తే చెయ్యి ఆడదు, దానికి నా దగ్గర మందు లేదు తల్లీ అని.

ఇంటికి రాగానే అమ్మ, “నలుగురు చూస్తే ఆడదా? అయితే నలుగురూ చూస్తుండగానే రాయిద్దాం. ఎందుకాడదో నేనూ చూస్తా,” అంది.

అక్కణ్ణించి మొదలైంది నా యాత్ర. పీటా, అట్టా, పెన్నూ పట్టుకుని మొదట ఎదురింటి అరుగు. తర్వాత చౌకధరల దుకాణం ముందు కిరసనాయిలు వరసలో, డబ్బాల పక్కన నేను. తర్వాత రైసుమిల్లు వసారా, అక్కడ ఊక ఎగిరి వచ్చి అక్షరాల మీద పడుతుంటే ఊదుకుంటూ రాయడం. నాకు సిగ్గుతో చచ్చిపోవాలని ఉండేది. నాతో చదివే పిల్లలు చూసి తమ ఇళ్ళ ముందు నాలాగే పీటేసుకుని కూర్చుని వెక్కిరించేవారు. నేను ఏడ్చి, కాళ్ళు నేలకేసి కొట్టి, రానంటే రానని గుంజ పట్టుకుంటే, “గుంజ పట్టుకుని ఎన్నాళ్ళుంటావే? పద,” అనేది అమ్మ. ఆవిడ గొంతులో కోపం ఉండేది కాదు, అదే నాకు వింతగా ఉండేది.

గిల్లేసూగూరు సంతలో అయితే మేకలవాళ్ళ పక్కన జాగా దొరికింది. ఉల్లిపాయల గుట్టలు, పచ్చిమిరప ఘాటు, జొన్నల బేరాలు, కన్నడంలో తిట్లు, ఉర్దూలో నవ్వులు, వీటన్నిటి నడుమ నేను భారతదేశపు నదుల గురించి రాస్తుంటే, మేక ఒకటి మెడ చాచి గోదావరినీ కృష్ణనీ కలిపి నమిలేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. నాకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వాగలేదు. అమ్మ ఇంకో కాయితం ఇచ్చి, “మళ్ళీ రాయి,” అంది. రాశాను. ఆ రోజే మొదటిసారి, జనంలో కూర్చుని ఒక జవాబు చివరిదాకా రాశాను.

అయినా అమ్మకి తృప్తి లేదు. పరీక్ష రాయచూరులో కదా, రాయచూరు జనం చూపే వేరు అంది. దాంతో ఆదివారాలు బస్సెక్కి రాయచూరు బస్టాండుకి వెళ్ళేవాళ్ళం. అక్కడ గోడ నీడన రెండు ఎర్రమట్టి కుండలు పెట్టుకుని మజ్జిగ అమ్మే మల్లమ్మ ఉండేది. తాతముత్తాతల నుంచి రాయచూరు వాళ్ళే. నుదుటి మీద రూపాయి కాసంత బొట్టు, నోట్లో ఆకూ వక్కా, మూడు భాషల్లోనూ గయ్యిమనే గొంతు. మమ్మల్ని చూసి మొదటి రోజే తన పేరు చెప్పుకుని అడిగేసింది.

“ఏందమ్మా, గిట్ల ఎండల కూసొని రాపిస్తున్నవు బిడ్డతోటి? ఇంట్ల జాగ లేదా?”

“ఇంట్లో రాస్తే భయం పోదండీ మల్లమ్మగారూ,” అని మొదలుపెట్టి, అమ్మ ఉన్నదంతా చెప్పుకుంది.

“గారు ఏంది, నన్నెవ్వరంటరు గారని!” అని నవ్వి, ఒక్క క్షణం ఆలోచించి, ఆవిడ చేసిన పని నేను చచ్చినా మర్చిపోను. మజ్జిగ తాగుతున్న హమాలీలని, బీడీ ముట్టించుకుంటున్న టాంగావాళ్ళని, కాళ్ళు చాపుకున్న కండక్టర్ని ఒక్క కేకతో పిలిచింది. “ఏయ్, అందరు జర ఇటు రారి! గీ పోరికి పరీచ్చ ఉన్నది. ఎవలన్న సూస్తె చెయ్యి ఆడదంట. అందరు గుడ్లురిమి సూడున్రి, ఆడేదాంక సూడున్రి!”

వాళ్ళు నిజంగానే చూశారండీ! గుండ్రంగా నిలబడి, పని ఒప్పుకున్నాం కనక బాగా చెయ్యాలన్నంత శ్రద్ధగా చూశారు. ఒక ముసలి టాంగా ఆయన తెల్లగడ్డం సవరించుకుంటూ “లిఖ్ బేటీ, లిఖ్,” అని రాయమంటూనే కళ్ళు పెద్దవి చేసేవాడు. కండక్టరు వంగి నా భిన్నాల లెక్క చూసి తప్పన్నాడు. రైటేనని నేను మొదటిసారి ఒక పరాయి మనిషికి ఎదురు చెప్పాను. అయ్యాక మల్లమ్మ అందరికన్నా పెద్ద గ్లాసుతో నాకు మజ్జిగ పోసింది. ఎవరండీ వాళ్ళంతా? మాకేం చుట్టాలా పక్కాలా? ఒక ఊరి పిల్ల భయం పోగొట్టడానికి ఎండలో నిలబడి కళ్ళు నొప్పులు పుట్టేలా చూసిన వాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్ళు చెమరుస్తాయి.

పరీక్ష రోజు కాలువలో మా వంతు నీళ్ళు వచ్చాయి. నాన్న కదలడానికి వీల్లేదు. అమ్మా నేనూ బస్సులో వచ్చాం. పెద్ద బడి, పెద్ద గేటు, తల్లిదండ్రులు బయటే ఉండాలన్నారు. నా బెంచీ దగ్గరికి ఒకాయన వచ్చి, కళ్ళద్దాల్లోంచి నా కాయితం మీదికి వంగాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తలెత్తి ఆయన వంక చూశాను. పాపం, ఆయన చూపులో ఏముంది? మా హమాలీల ముందు ఏ మూలకి? తల దించుకుని రాయడం మొదలుపెట్టాను, గంట కొట్టేదాకా ఆపలేదు.

పరుగున బయటికొచ్చాను. గేటు దగ్గర అమ్మ లేదు.

ఎదురుగా చెట్టు కింద లేదు, రోడ్డవతల లేదు. కన్నడం రాదు, ఊరు తెలియదు, ఒంటరిగా నాలుగడుగులు వేసిన మనిషి కాదు. అందరి పిల్లలూ వెళ్ళిపోతున్నారు. నాకు పరీక్షలో రాని వణుకు అప్పుడొచ్చింది. చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు, నేను గట్టిగా ఏడ్చేస్తున్నాను.

అప్పుడు వీధి మలుపులోంచి అమ్మ వచ్చింది. చెంగు నడుముకి దోపుకుని, చేతిలో వేడి వేడి మిర్చి బజ్జీల పొట్లంతో, ముఖమంతా చెమటతో, నేనెప్పుడూ చూడని నడకతో వచ్చింది. గేటు దగ్గర గుంపుగా ఉండొద్దని అందరినీ పంపేశారట. కాసేపు గోడకి ఆనుకుని వణికిందట. ఆ తర్వాత, పిల్ల లోపల ఒక్కతే ఉంది, నాకేమయిందని, కనపడినవాళ్ళనల్లా “బస్టాండ్ ఎల్లి?” అని, విని పట్టుకున్న ఆ ఒక్క కన్నడ ముక్కతో దారి అడుక్కుంటూ మల్లమ్మ దగ్గరికి వెళ్ళి, కూర్చుని, తిరిగి వచ్చిందట.

“ఒక్కదాన్నే వెళ్ళొచ్చానే! ఒక్కదాన్నే! దారి తప్పలేదు కూడా!” అంది నా రెండు చేతులూ పట్టుకుని. ఎలా రాశావని అడగడం మర్చిపోయింది.

అప్పటిదాకా నేను భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆ కిరసనాయిలు వరస, ఆ సంత, ఆ బస్టాండు అన్నీ ఆవిడకీ మొదటిసారేనని, నా వెనక కూర్చుని ఆవిడ కూడా రోజూ ఆ చూపులన్నీ భరించిందని అప్పుడు తెలిసింది. నేను పాసయ్యాను. నాన్న రాయచూరు హైస్కూల్లో చేర్చాడు. దసరాకి అమ్మ తన చీర తనే రాయచూరు వెళ్ళి కొనుక్కుంది. రంగు నాన్నకి నచ్చలేదు. ఆవిడ మార్చలేదు.

ఇప్పుడు ఆ ఏడో తరగతి పరీక్ష లేదు, మల్లమ్మ లేదు, టాంగాలూ లేవు. మైకులు మాత్రం పరీక్షలకి ఆగడం మానేశాయి. ఈ ఏడు మా అమ్మాయికి ఐదో తరగతి పబ్లిక్ పరీక్ష, సెంటరు వేరే బడిలో. మొన్న రాత్రి అన్నం తింటూ తింటూ, “అమ్మా, కొత్తవాళ్ళు చూస్తే నాకు చెయ్యి ఆడట్లేదు,” అంది. ఫోన్లో అమ్మకి చెప్పాను. పొద్దున్న మొదటి బస్సుకే క్యాంపు నుంచి రాయచూరులో మా ఇంటికి దిగింది.

ముగ్గురం మళ్ళీ ఆ బస్టాండుకే వెళ్ళాం. ఇప్పుడక్కడ అంతా గ్రానైటు పలకలు, ఇనప కుర్చీలు. పిల్ల అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జనం కిటకిటలాడుతున్నారు గానీ ఒక్కరూ మా వంక చూడలేదు. ప్రతి తలా ఫోను మీదికి వంగి ఉంది. పిల్లని చూసి భయపెట్టే దిక్కు కూడా లేకపోయిందే ఈ ఊళ్ళో అని నాకు నవ్వూ, దిగులూ కలిసి వచ్చాయి. ఇంటికి పోదాం లేమ్మా, అనబోయాను.

అమ్మ అప్పటికే లేచి నిలబడింది. ఒకప్పుడు తలుపు వెనక నుంచి మాట్లాడిన మా అమ్మ, కళ్ళజోడు సర్దుకుని, బస్టాండు బస్టాండంతా మోగేలా, “నోడ్రప్పా! స్వల్ప ఇల్లి నోడ్రి!” అని, కాస్త ఇటు చూడండంటూ కన్నడంలో కేకేసింది.

తలలన్నీ ఒక్కసారి లేచాయి.

“రాయవే,” అంది అమ్మ, మనవరాలి వైపు తిరిగి.