నా సైటు చిరునామా అడిగారు!

ఐటీ జోరు మీదున్న రోజులవి. బడి చదువు లేకపోయినా రేడియో మరమ్మతు సొంతంగా నేర్చుకున్న నేను, అరవై దాటాక దాని మీదే ఒక వెబ్‌సైటు పెట్టాను. ఎవరూ చూడలేదు. రేడియో ప్రియుల ఫోరంలో ప్రతి ప్రశ్న కిందా నా సైటు చిరునామా అతికించాను. నిర్వాహకుడు అన్నీ తీసేసి, మళ్లీ చేస్తే వెళ్లగొడతానన్నాడు. సికింద్రాబాద్ నెట్ సెంటర్‌లో అందరూ వినేలా మండిపడ్డాను.

"పెండ్లికి పోయి దుకాణం కార్డులు పంచుతరా చాచా? జెర ఆడ అడిగెటోళ్ల పరేషాన్ ఏందో సుత చూడుండ్రి," అన్నాడు సెంటర్ నడిపే సలీం.

ఉక్రోషంతోనే ఫోరంలో అడిగిన ఒకాయన రేడియో ఎందుకు గరగరమంటోందో, ఏం చేయాలో వివరంగా రాశాను, చిరునామా పెట్టకుండా.

మూడో రోజు జవాబొచ్చింది: "రేడియో పలికింది! మా నాన్న దాని పక్కనుంచి లేవడం లేదు. గురువుగారూ, మీకు సైటుందా?"

"సలీం, వాళ్లే అడిగిండ్రు!" అని కేక పెట్టాను. సెంటరంతా చప్పట్లు!

నిర్వాహకుడి మీద కోపం నాకింకా ఉంది. కానీ అడగని చోట చిరునామా మళ్లీ పెట్టలేదు.