దీపు సాక్ష్యం

అన్నమ్మ ఆంటీ పేరు చెప్పగానే జనం అందుకునేది ఆమె కొడుకు సంగతి. నాకు అక్కడే ఒళ్ళు మండుతుంది. కొడుక్కి పేరు రాకముందు కూడా ఆవిడ ఒక మనిషే కదా! తెనాలి పక్క పల్లె నుంచి ఢిల్లీ వచ్చి, సర్కారు ఆసుపత్రిలో వార్డు ఆయాగా చేరింది. భర్త పోయాక ఆ జీతంతోనే ఒక్కగానొక్క పిల్లాణ్ణి పెంచి, ఘాజియాబాద్‌లో రెండు గదుల ఫ్లాటు కొనుక్కుంది. ముప్ఫై ఏళ్ళు హిందీ మాట్లాడినా అందులో తెనాలి యాస పోలేదు. వార్డులో పెద్ద డాక్టర్లను సైతం “అరే బాబూ, జర హటో” అని మోచేత్తో పక్కకు జరిపి పక్క దుప్పటి మార్చేది. వాళ్ళు కిక్కురుమనకుండా జరిగేవాళ్ళు.

నా పేరు భావన. ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసర్‌ని. ఆవిడా నేనూ ఒకే తెలుగు క్రైస్తవ సంఘానికి వెళ్తాం. మాకు సొంత చర్చి లేదు. ఒక స్కూలు హాలు ఆదివారం మధ్యాహ్నాలకు అద్దెకు తీసుకుని, పిల్లలు గీసి అంటించిన ఏనుగుల బొమ్మల కింద కూర్చుని పాటలు పాడుకుంటాం. ఆ హాల్లోనే ఆవిడ కొడుకు దీపును చిన్నప్పటి నుంచీ చూశాను.

దీపుకు నత్తి. మామూలు నత్తి కాదు. మొదటి అక్షరం దగ్గరే దవడ బిగుసుకుపోయేది, ఎడమ భుజం పైకి లేచేది, కళ్ళు మూసుకుపోయేవి. వినేవాళ్ళకే ఊపిరాడేది కాదు. అదే పాట ఎత్తుకున్నాడంటే ఆ నత్తి ఎటు పోయేదో తెలియదు. ఆ గొంతు వింటే కబుర్లు చెప్పుకునే మా ఆడవాళ్ళం కూడా నోరు మూసుకునేవాళ్ళం.

అన్నమ్మ ఆంటీకి ప్రేమ ఎక్కువ, ఓపిక తక్కువ. వాడు “నీ... నీ...” అంటే “నీళ్ళా? ఇదిగో” అని గ్లాసు చేతికిచ్చేది. “అ... అ...” అంటే “చెప్పు నాన్నా” అనేది, మళ్ళీ ఆ చెప్పేదేదో తనే చెప్పేసేది. వాడి మాటలన్నీ ఆవిడ నోట్లోంచే పూర్తయ్యేవి. ఇదేదో తప్పని మాలో ఎవరికీ తోచలేదు. మేమూ అదే చేసేవాళ్ళం.

మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు నలుగురి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. దేవుడు తన బతుకులో ఏం చేశాడో తన నోటితో తను చెప్పుకోవడం అన్నమాట. పద్నాలుగేళ్ళప్పుడు దీపు వంతు వచ్చింది. తడి తల తుడుచుకుని వచ్చి నిలబడ్డాడు. “నా... నా...” అన్నాడు. భుజం లేచింది. హాలంతా చూస్తోంది. ఇక తట్టుకోలేక ఆడవాళ్ళ వైపు నుంచి అన్నమ్మ ఆంటీ లేచి, “నా రక్షకుడు యేసయ్యే అంటున్నాడండీ” అని గట్టిగా చెప్పేసింది. అందరం ఆమెన్ అన్నాం. “సాక్ష్యం తర్వాత చెబుదువుగాని, ముందు పాట పాడు బాబూ” అన్నారు పాస్టర్ ధర్మయ్య గారు. వాడు పాడాడు. ఆ తర్వాత అనేది రానే లేదు. “దీపు మాకు సాక్ష్యం బాకీ” అని పాస్టర్ గారు నవ్వుతూ అంటూ ఉండేవారు. వాడూ నవ్వేవాడు.

కాలేజీలో బ్యాండు పెట్టాడు. హిందీ పాటలు సొంతంగా కట్టాడు. నోయిడాలో, గురుగ్రామ్‌లో వాడి కచేరీ అంటే కుర్రకారు ఎగబడేది. స్టేజీ మీద ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. వచ్చేవాడు, పాడేవాడు, దండం పెట్టి వెళ్ళిపోయేవాడు. జనం అదొక స్టైలు అనుకున్నారు. ఇంటర్వ్యూలకు జవాబులు రాసి పంపేవాడు, తల్లికి కూడా మెసేజీలే. అందుకని ప్రపంచంలో దీపు పాడినవి ఎన్ని ఉన్నాయో లెక్కలేదు గానీ, దీపు మాట్లాడింది మాత్రం ఎక్కడా లేదు.

ఇరవయ్యారేళ్ళకు పోయాడు. నోయిడాలో స్నేహితుడి ఫ్లాటులో, స్నానాలగదిలో, చేతికి సూది ఉండగానే. మావాళ్ళంతా గుండె ఆగిపోయిందన్నారు. ఎవరు పోయినా గుండె ఆగే పోతారు. సూది మాట మాత్రం ఎవరూ నోటితో అనలేదు.

దానికి రెండు రోజుల ముందు వాడు తల్లికి ఫోన్ చేశాడు. మెసేజీ కాదు, ఫోన్. ఆవిడ ఆనంద్ విహార్‌లో బస్సెక్కే హడావిడిలో ఉంది. “అ... అ...” అన్నాడు. “అన్నమా? తిన్నాన్రా నాన్నా, నువ్వు తిను, బస్సొచ్చింది, మళ్ళీ చెయ్యి” అని పెట్టేసింది. వాడు మళ్ళీ చెయ్యలేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. దీపు విషయంలో ఆ చారెడు కళ్ళు దేశమంతా కనిపించాయి. ఘాజియాబాద్ ఫ్లాటు గేటు ముందు కొవ్వొత్తులు, గిటార్లు, ఏడుపులు. పాట పాడితే గోలని పోలీసులకు ఫిర్యాదు చేసిన కింది ఫ్లాటు ఆంటీ, “హమారా బచ్చా థా” అని, మా బిడ్డే అని టీవీ ముందు కొంగు నోట్లో కుక్కుకుంది. ముఖర్జీ నగర్‌లో ఒక లైబ్రరీ గోడ మీద వాడి బొమ్మ వేసి చుట్టూ రెక్కలు గీశారు. ఆ బొమ్మ కిందే ఎవడో బొగ్గుతో ‘నషేడీ’, అంటే మత్తుమనిషి, అని రాశాడు. మత్తు లేకపోతే అంత పాట రాదని కొందరు, తల్లి పెంపకం సరిగా లేదని కొందరు, అంతా విదేశీ కుట్రని కొందరు. మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వాడి ఫోటో పెట్టి ‘పిల్లలూ, జాగ్రత్త’ అని పంపారు. మర్నాడు అదే మనిషి అదే ఫోటోతో వాడి పాటకు గుండె బొమ్మలు పెట్టాడు. తలా ఒక మాట. చెప్పాల్సినవాడు లేడు కాబట్టి ఎవరికి వాళ్ళే చెప్పేశారు.

ఇదంతా అన్నమ్మ ఆంటీ భరించింది. ఆసుపత్రిలో పనిచేసిన మనిషి, చావు చుట్టూ గోల ఆవిడకు కొత్త కాదు. అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది.

దీపు పోయిన ఐదారు నెలలకు వాడి గొంతులో కొత్త పాటలు రావడం మొదలైంది. వాడు బతికుండగా పుట్టని పాటలు. కంప్యూటర్‌కు వాడి పాటలన్నీ తినిపిస్తే అది వాడి గొంతు తయారుచేసి ఏది కావాలంటే అది పాడుతుందట. అభిమానులు దాన్ని ప్రేమ అనుకున్నారు. కూరగాయల బండి మీద ఫోనులో వాడు, పక్క ఫ్లాటు గోడలోంచి వాడు, మెట్రోలో ఎదురు సీటు పిల్ల చెవుల్లోంచి సన్నగా వాడు. పాట మధ్యలో ఊపిరి కూడా పీల్చుకునేవాడు. మొదటిసారి ఆ ఊపిరి విన్నప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను. పీల్చడానికి అక్కడ ఎవరున్నారు?

ఒకరోజు ఆవిడా నేనూ లక్ష్మీ నగర్ బజారుకు వెళ్ళాం. జనంలోంచి ఒక ఈ-రిక్షా మైకు కట్టుకుని వస్తోంది. ఏదో కోచింగ్ సెంటర్ ప్రచారం, సోమవారం నుంచి కొత్త బ్యాచ్ అని. “దోస్తోఁ, నయా బ్యాచ్ సోమవార్ సే షురూ హో రహా హై” అంది మైకు. దీపు గొంతు. పాట కాదు, మాట. నదురూ బెదురూ లేకుండా, గుక్క తిప్పుకోకుండా, చలాకీగా. అన్నమ్మ ఆంటీ చేతిలో సంచీ జారిపోయింది. ఉల్లిపాయలు దొర్లిపోతున్నా చూడకుండా ఆ రిక్షా వెంట నడిచింది, సందు చివరి దాకా. నేను పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

“భావనా, వీడు ఆగకుండా మాట్లాడుతున్నాడే” అంది.

“వాడు కాదు ఆంటీ, మిషను.”

“వీడి నత్తి పోవాలని ఎన్ని ఉపవాస ప్రార్థనలు చేశానే అమ్మాయ్. నాలిక్కి నూనె రాయించా. ఇప్పుడు పోయింది చూడు” అని నవ్వింది.

ఆ వారమే ఆఫీసుకు ఫోన్ చేసింది. “వాడు నన్నెట్టా పిలిచేవాడో నాకు వినపట్టంలేదే. గుర్తుచేసుకుందామని కళ్ళు మూసుకుంటే ఆ రిక్షాలోవాడే వస్తన్నాడు. శుభ్రంగా అమ్మా అంటన్నాడు. నా కొడుకు ఒక్కనాడన్నా శుభ్రంగా అన్నాడటే?” ఎక్కిళ్ళు పెడుతోంది. “వాడి పాట అందరిదీ అయిపోయింది, పోనీ. ఆ నత్తి ఒక్కటే నాది. అది కూడా పోతే ఇంక నా కొడుకు నిజంగా పోయినట్టేనే.”

తర్వాత ఆవిడ ఇంటికి వెళ్ళి చూద్దును గదా, మండుటెండల్లో కిటికీలన్నీ మూసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుని ఉంది. దూది తియ్యమంటే తియ్యలేదు. గోడ అవతల వాడు పాడుతూనే ఉన్నాడు.

ఏడాది తిరిగింది. మావాళ్ళలో ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెడతారు. పాటలు, ప్రార్థన, పోయినవాళ్ళ గురించి నలుగురి సాక్ష్యాలు, తర్వాత భోజనాలు. ఏనుగుల బొమ్మల కింద బల్ల మీద దీపు ఫోటో పెట్టి చేమంతులు చుట్టారు. హాలు నిండింది. అన్నమ్మ ఆంటీ తెల్లచీర కట్టుకుని ముందు వరసలో నా పక్కన కూర్చుంది. దూది తీసేసి వచ్చింది.

పాస్టర్ గారు లేచారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. “దీపు రక్షణ పొంది పరలోకం చేరాడో లేదోనని ఏడాదిగా కొంతమంది గుసగుసలాడుతున్నారు. ఆ బిడ్డ మనకొక సాక్ష్యం బాకీ ఉన్నాడు. మన సాకేత్ బాబు రాత్రింబగళ్ళు కష్టపడి ఆ బాకీ తీరుస్తున్నాడు” అన్నారు. సాకేత్ మా సంఘం యువకుడే, నోయిడాలో సాఫ్ట్‌వేర్. తడి కళ్ళతో ల్యాప్‌టాప్ మీద ఏదో నొక్కాడు.

“సంఘస్తులందరికీ నా వందనాలు” అన్నాడు దీపు.

“నేను లోకాశలలో పడి దారి తప్పితిని. అయినను నా తండ్రి నన్ను విడువలేదు. కడవరి గడియలో ఆయన నామమును పిలిచితిని.” ఎక్కడా తడబాటు లేదు. వాక్యం చివర చిన్నగా ఊపిరి పీల్చాడు. వెనకాల ఎవరో వెక్కుతున్నారు. “అమ్మా, నువ్వు ఏడవకు. నేను క్షేమముగా ఉన్నాను.”

“ఆమెన్” అంది హాలంతా. నా పక్క కుర్చీలో కదలిక లేదు. చూస్తే ఆవిడ పెదాలు చప్పుడు లేకుండా ఆ మాటల వెంటే ఆడుతున్నాయి. నాకు భయమేసింది. వాడి మాట ఆవిడ నోట్లోంచి వచ్చే రోజులు పోయి, ఆవిడ నోటినే ఆ గొంతు లాక్కుంటోందనిపించింది.

“ఆపు సాకేతూ” అని లేచి నిలబడింది.

ఆపి ల్యాప్‌టాప్ మూశాడు.

“మావాడు సూది పొడుచుకుని చచ్చిపోయాడండీ” అంది జనం వైపు తిరిగి. ఎవరో ఇబ్బందిగా దగ్గారు. “ఆసుపత్రిలో అట్టాంటి పిల్లల్ని ఎంతమందినో ఎత్తి పడుకోబెట్టాను. నావాణ్ణి కనిపెట్టలేకపోయాను. ఆ గడియలో వాడు ఎవర్ని పిలిచాడో నాకు తెలీదు, మీకూ తెలీదు. పోయే ముందు నాకు ఫోన్ చేశాడు. ఏదో చెబుదామనుకున్నాడు. నేనే చెప్పనియ్యలేదు. చిన్నప్పుడు ఇక్కడే నిలబడితే అప్పుడూ చెప్పనియ్యలేదు. ఇప్పుడు మీరు కూడా...” ఆగింది. సాకేత్ తల వంచుకున్నాడు. “నీది మంచి మనసే నాయనా. కానీ వాడు అమ్మా అనాలంటే ఎంత కష్టపడేవాడో మీరు మరిచిపోయారు. నేనూ మరిచిపోతన్నాను. ఉండండి, ఒక్కసారి వాడు అన్నట్టు అని చూస్తాను.”

కళ్ళు మూసుకుంది. చేతులు పక్కకు వేలాడాయి. తర్వాత ఆవిడ దవడ బిగుసుకుంది. ఎడమ భుజం మెల్లగా పైకి లేచింది. నేను కుర్చీ పట్టుకున్నాను. ఆ భుజం నాకు తెలుసు.

“అ...” అంది. ఆడ గొంతు కాదది.

“అ... అ...”

వెనక నుంచి ఎవరో పెద్దావిడ పాపం తట్టుకోలేక, “అమ్మా” అని అందించింది.

కళ్ళు తెరవకుండానే అన్నమ్మ ఆంటీ చెయ్యెత్తి ఆపింది. మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. మెడ నరాలు తేలాయి. నుదుటి మీద చెమట పట్టింది. పాస్టర్ గారి పెదాలు కదిలి ఆగిపోయాయి. నా నోట్లోకీ ఆ మాట వచ్చింది, పళ్ళ బిగువున ఆపుకున్నాను. ఈసారి ఎవరమూ అందివ్వలేదు. అలాగే కూర్చున్నాం.

“అ... అ... అ... అమ్మా.”

దీపు గొంతే. ల్యాప్‌టాప్ మూసే ఉంది.

ఆవిడ కళ్ళు తెరిచింది. భుజం దిగింది. అప్పుడు తన గొంతుతో, నెమ్మదిగా, “చెప్పు నాన్నా” అంది. అని, తల కొంచెం పక్కకు వంచి, వినడానికి నిలబడింది.