వెనక సీట్లో మూలుగు

నేను చదివింది మూడో తరగతి వరకే. రాత బాగుండదు, అక్షరాలు తప్పుతాయి, ఏమీ అనుకోకండి.

మొన్న మనవడి కారుకు వెనక, కుదుపులు ఆపే షాకబ్జర్లు మారుస్తుంటే, ఆ పాత నూనె వాసనకు చిన్నప్పుడు మేమున్న కోదాడ గుర్తుకొచ్చింది. నిజాం కాలం అయిపోతున్న రోజులవి. మా బాపు ఒక షావుకారు పాత చిన్న కారు నడిపేవాడు. కాన్పు కష్టమై మూలుగుతున్న అమ్మను అందులోనే సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాడు. దారిలోనే, వెనక సీట్లో, అమ్మ ప్రాణం పోయింది.

ఆ తర్వాత కారు గుంతల్లో పడ్డప్పుడల్లా వెనక నుంచి మూలుగు వచ్చేది. అది అమ్మేనని నమ్మాను. రోజూ పొద్దుగూకి బాపు కారు ఇంటికి తెచ్చే వేళ వాకిట్లో కూర్చుని దానికోసం చెవులు రిక్కించేదాన్ని.

ఒకరోజు మిర్యాలగూడ నుంచి మెకానిక్ ఖాసిం మామ వచ్చి కారు కింద దూరాడు.

"మామా, అవి ఇప్పకు. అమ్మ పోతది," అన్నాను.

"గివి అరిగిన షాకబ్జర్లు బిడ్డా. మీ అమ్మ మూలుగుతదా? నన్ను సూస్తే తిడుతుండె," అన్నాడు మామ.

బాపు నవ్వలేదు.

కొత్తవి బిగించాక బాపు కారు వెనక భాగాన్ని రెండు చేతులతో కిందికి నొక్కి వదిలాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు.

"ఇగ సాలు బావా, మంచిగనే ఉంది," అన్నాడు మామ.

మామ వెళ్లిపోయినా బాపు నొక్కుతూనే ఉన్నాడు. పని సరిగ్గా అయిందో లేదో చూస్తున్నాడనుకున్నాను. ఆయన కూడా ఆ మూలుగు కోసమే వెతుక్కున్నాడని ఇప్పుడు తెలుస్తోంది.

తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి, పెద్దమనసుతో మన్నించండి.