నేను కూర్చుంటే తగ్గే అంకె

నాకు అక్షరాలు వచ్చేసరికి మా అమ్మాయి పదో తరగతిలో ఉంది. జగ్గయ్యపేటలో వయోజనుల బడిలో నేర్చుకున్నాను. తర్వాత నందిగామలో కోర్టు ఎదురుగా ఉన్న డీటీపీ సెంటర్లో ఊడవడానికి కుదిరాను. రెండువేల సంవత్సరం దాటాక జరిగిన సంగతి. సెంటరు శెట్టిగారిది. ఆయన మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినప్పుడు పని ఆగకూడదని నాకు అఫిడవిట్లు కొట్టడం నేర్పారు. నేర్పారంటే, కీబోర్డు చూపించి భోజనానికి వెళ్ళారు.

కొన్నాళ్ళకు కొత్త కంప్యూటరు వచ్చింది. తెర మూలన ప్రాసెసరు వేగం ఒక అంకెగా కనిపించేది. శెట్టిగారు పొద్దున్నే దాన్ని ఆన్ చేసి, దేవుడి పటానికి దణ్ణం పెట్టి, వచ్చి ఆ అంకె చూసుకునేవారు. ఒకరోజు భోజనం నుంచి తొందరగా తిరిగొచ్చి నా వెనక నిలబడ్డారు. అంకె సగానికి పడిపోయి ఉంది.

"ఏమ్మా, ఏం చేశావ్ దీన్ని?"

"ఏం చెయ్యలేదండి. 'కక్షిదారు' అని కొడదామని 'క్ష' కోసం వెతుకుతున్నా."

"పొద్దున నేను చూస్తే ఫుల్లుంది. నువ్వు కూర్చుంటే సగం. నీ నెమ్మది దానికీ అంటుకుంది."

నాకూ నిజమే అనిపించింది. మా ఇంట్లో కుక్కరు కూడా ఆలస్యంగానే కూస్తుంది.

మెకానిక్ వచ్చి తేల్చేదాకా కుర్చీ ముట్టుకోవద్దన్నారు. చీపురుతో నాకు పేచీ లేదు. కానీ నేను కొట్టిన కాగితాన్ని కోర్టు నుంచి వచ్చిన లాయరుగారు చదువుతుంటే పక్కన నిలబడి చూడటం అలవాటైపోయింది.

విజయవాడ నుంచి మెకానిక్ వచ్చి, కాసేపు చూశాడు.

"ఏం పాడవలేదండి. పని లేనప్పుడు దానికదే వేగం తగ్గించుకుంటుంది. కరెంటు ఆదా, వేడి తక్కువ."

"పని లేదంటావేంటయ్యా? ఈవిడ కొడుతూనే ఉందిగా?"

"అక్షరానికీ అక్షరానికీ మధ్య దానికి బోలెడు తీరికండి."

నేను గుమ్మం వైపు చూశాను.

"ఫుల్లుది కొనుక్కుని సగం వాడుకోవాలా?"

"గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిన లారీ ఉందనుకోండి. ఇంజను ఐడిల్లో గుడగుడలాడుతుంటుంది. అక్కడ యాక్సిలరేటరు తొక్కితే డీజిలు దండగ. లైను కదిలితే తొక్కుతాడు. ఇదీ అంతే."

మా ఆయన ముక్త్యాల సిమెంటు లారీ నడిపేవాడు కనక నాకు వెంటనే అర్థమైంది. శెట్టిగారికి లారీ లేదు.

"మరి నాకు ఫుల్లెందుకు చూపిస్తుంది?"

"ఆన్ చేసిన కొత్తలో దానికి పనెక్కువ. మీరు చూసేది అప్పుడేగా. ఇప్పుడు కొట్టండి చూద్దాం."

శెట్టిగారు కూర్చుని పది వేళ్ళతో కొట్టారు. అంకె సగం దగ్గరే ఉంది. ఇంకా గట్టిగా కొట్టారు.

"గట్టిగా కొట్టినా లాభం లేదండి. టైపింగు దానికి ఒక లెక్కే కాదు. ఏదైనా పెద్ద పని చెప్పండి."

శెట్టిగారు ఎవరివో పెళ్ళి ఫోటోలన్నీ ఒకేసారి తెరిచారు. అంకె పైకి లేచింది, కంప్యూటరు లోపలి ఫ్యాను గుయ్యిమంది. మూసేశారు. రెండూ తగ్గాయి.

"అంటే టైపింగులో నేనూ ఈవిడా ఒకటేనా?"

"దానికైతే ఒకటేనండి," అన్నాడు మెకానిక్.

శెట్టిగారు కండువాతో తెర తుడిచారు. అక్కడ దుమ్ము లేదు, పొద్దున నేనే తుడిచాను.

"ఆ అంకె తీసెయ్యవయ్యా," అని లేచి, నాతో "కూర్చో, ఆ కాగితం సాయంత్రంలోపు కావాలి" అన్నారు.

కూర్చున్నాను. 'క' కొట్టి, 'క్ష' కోసం వెతకడం మొదలుపెట్టాను. ఫ్యాను చప్పుడు లేదు.