ఇంటివాళ్లు ఊఁ అన్నాకే

పురుషోత్తం గారి సంగతి మీ అందరికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. బెజవాడ దినపత్రికలు వారం కిందటే వేశాయి. ఒకటి ఫొటో కూడా వేసింది. అది ఆయన బందరులో కౌన్సిలరుగా ఉన్ననాటి ఫొటో, జుట్టు నల్లగా ఉంది. ఆయన సొంత పత్రిక 'రేవువార్త'లో మాత్రం పోయిన శనివారం ఆ ముక్కే లేదు. బస్టాండులో ఒక పెద్దమనిషి నన్ను నిలబెట్టి మరీ అడిగాడు: "ఏవండీ దేవదానం గారూ, సొంత యజమాని సంగతి మీ పేపరుకి తెలియలేదుటండీ?"

తెలిసిందండీ. అందరికంటే ముందు నాకే తెలిసింది. గురువారం తెల్లారుతుండగా ఆస్పత్రి వరండాలో డాక్టరు గారు ఆ మాట చెప్పింది నాకే. ముందురోజు ఆయన తెమ్మన్న ప్రూఫు నా చేతిలో ఉంది. దాన్ని ఎవరికివ్వాలో తోచక మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇప్పటికీ ఆ చొక్కా జేబులోనే ఉంది. ఆలస్యం ఎందుకైందో చెప్పాలంటే ఆయన గురించి మొదటినుంచీ చెప్పాలి. నాకు ఓపిక లేదు. అయినా నేను తప్ప రాసేవాళ్లు లేరు.

ఆయన మా పేట కౌన్సిలరు. నేను మునిసిపల్ ఆఫీసులో సమావేశాల మినిట్సు రాసే గుమస్తాని. మిషన్ స్కూల్లో దిద్దిన దస్తూరీ బాగుంటుందని ఆ పని నాకు అంటగట్టారు. ఆయన ఉప్పునీళ్లొచ్చే కుళాయిల గురించి గంటసేపు గొంతు చించుకునేవారు. నేను 'సభ్యులు మంచినీటి విషయమై ప్రసంగించిరి' అని ఒక్క వాక్యం రాసేవాణ్ణి. నన్ను రాయమన్నది అంతే. ఒకనాడు ఆయన నా బల్ల దగ్గరికొచ్చి ఆ పుస్తకం తిప్పి చూశారు.

"ఏమయ్యా దేవదానం, నేను మాట్లాడింది ఇంతేనా?"

"ఇంతేనండి."

కోపం తెచ్చుకోలేదు. "అయితే నేనే అచ్చు వేయించుకుంటాను" అని వెళ్లిపోయారు.

అలా మొదలైంది. నెలకొక కాగితం, రెండువైపులా అచ్చు. సమావేశంలో ఎవరేమన్నారు, ఎవరు దేనికి చెయ్యెత్తారు, అంతే. మూడో కాగితానికి వచ్చేసరికి ఆయన సంగతే బయటపడింది. మా వీధి కుళాయిని పక్కపేటకి మార్చే తీర్మానానికి అందరితోపాటు ఆయనా చెయ్యెత్తారు, చదవకుండా. తర్వాత లబోదిబోమన్నా లాభం లేకపోయింది. 'చదవకుండా చెయ్యెత్తిన సభ్యుడు: పురుషోత్తం' అని పెద్దక్షరాలతో వేయించారు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయండీ, ఈ ఒక్కటీ వదిలెయ్యండని బతిమాలాను. "ఇది వదిలేస్తే మిగతావాళ్లవి ఏ మొహం పెట్టుకుని వేస్తానయ్యా?" అన్నారు. బిందెలు మోసుకుంటూ పక్కపేటకి నడిచిన ఆడవాళ్లు ఆ కాగితం భద్రంగా దాచుకున్నారు. ఆయన చిత్తుగా ఓడిపోయారు. మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి, "ఇక నాకు వేరే పని లేదు. నువ్వు కూడా ఆ ప్రసంగించిరి, తీర్మానించిరి మానేసి వచ్చెయ్యి" అన్నారు. వెళ్లాను. మా ఆవిడ రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

మద్రాసునుంచి కాలితో తొక్కి అచ్చువేసే పాత ట్రెడిల్ మిషను ఒకటి తెప్పించారు. పత్రిక పేరుకి చెక్క అచ్చు కావాలంటే, పెడనలో అద్దకం బట్టలకి అచ్చులు చెక్కే ముసలాయన చేత చేయించారు. ఆయన పుట్టి బుద్ధెరిగాక పువ్వులూ తీగలూ తప్ప అక్షరాలు చెక్కినవాడు కాదు. కాగితం మీద ఎలా కనిపించిందో అలాగే చెక్కిచ్చాడు. మొదటి సంచిక మీద పేరు కాస్తా తిరగబడి పడింది. మళ్లీ చెక్కించే వ్యవధి లేదు. 'ఈ వారానికి అద్దంలో చూసుకోవలెను' అని కింద ఒక ముక్క వేసి వదిలేశారు. ఆ వారం గుడివాడ మంగలిషాపుల్లో మన పేపరు బ్రహ్మాండంగా పోయిందని చాలాకాలం చెప్పుకుని నవ్వేవారు.

వ్యాపారం తెలియని మనిషి కాదు. గుడివాడలో బ్రాంచి పెట్టారు. సినిమా హాళ్లలో ఆట మొదలయ్యేముందు వేసే స్లయిడ్లు తయారుచేయించారు. చదువురానివాళ్ల కోసం ఒంటెద్దు బండికి మైకు కట్టి, సంతరోజున బజార్లో వార్తలు చదివించారు. పత్రిక కట్టలు కాలవ పడవల మీద దివిసీమకి వెళ్లేవి. కౌన్సిలులో అయిదేళ్లు అరిచినా పక్కవీధికి వినపడని గొంతు అవనిగడ్డ దాకా వినిపించింది.

నా రాత మీద ఆయనకి ఎప్పుడూ చిన్నచూపే. 'దివికేగిరి', 'అస్తమించిరి' అని నేను ఎంతో ముచ్చటపడి రాస్తే అడ్డంగా కొట్టేసేవారు. 'తీరని లోటు' అని రాస్తే మరీ ఒళ్లుమండేది. "ఎవరికి లోటు? ఏం లోటు? అది రాయి. తెలియకపోతే వెళ్లి కనుక్కురా" అనేవారు.

ఇక ఆలస్యం సంగతి. పత్రిక పెట్టిన రెండో ఏడు, గాలివాన వెలిసిన వారంలో, గిలకలదిండి నుంచి వేటకెళ్లిన ఒక నావ తిరిగి రాలేదు. అందులో నలుగురు మనుషులున్నారు. మంగినపూడి ఒడ్డుకి ఆ నావ చెక్కొకటి కొట్టుకొచ్చిందని శుక్రవారం ఒక చేపల వర్తకుడు వచ్చి చెప్పాడు. శనివారం మా పత్రిక రోజు. బెజవాడవాళ్లకంటే ముందు మనం వెయ్యాలన్న తొందర. పురుషోత్తం గారు ఇంకేం ఆలోచించకుండా నలుగురి పేర్లూ వేసేశారు. పైన 'జలసమాధి' అని శీర్షిక. ఆ మాట నాదే.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. సముద్రం మీదికెళ్లినవాడు రాకపోతే, పెద్దలు కూర్చుని తేల్చేదాకా ఇంట్లో ఏడుపు వినపడకూడదు. ఆడమనిషి గాజుల జోలికీ బొట్టు జోలికీ ఎవరూ వెళ్లకూడదు. నెలరోజులైనా ఆగేవారు. ఆ శనివారం మా పేపరు వెళ్లింది. రేవులో ఎవరో పైకి చదివారు. అచ్చులో పడ్డాక ఇక తేల్చేదేముందని పెద్దలే అనుకున్నారు. సాయంత్రానికి నలుగురు ఆడవాళ్ల గాజులూ పగిలాయి.

ఆరో రోజున ఆ నలుగురిలో పోతురాజు అనే ఆయన ఇంటికి నడిచొచ్చాడు. చెక్క పట్టుకుని దివిసీమ ఒడ్డుకి కొట్టుకుపోయాడుట. అక్కడివాళ్లు గంజి పోసి నిలబెట్టారుట. దారిలో మోపిదేవి స్వామికి దణ్ణం పెట్టుకుని, నుదుట విభూతితో వచ్చి గుమ్మంలో నిలబడితే, ఎదురుగా భార్య లంకమ్మ బోసి నుదురుతో కూర్చుని ఉంది.

కబురు తెలిసి మేం ముగ్గురం వెళ్లాం: పురుషోత్తం గారూ, ఆయన భార్య సుభద్రమ్మ గారూ, నేనూ. అక్కడ ఇంకో చిక్కొచ్చి పడింది. మొగుడు బతికొచ్చాడు, సంతోషమే. కానీ ఒకసారి గాజులు పగిలిన చేతికి మళ్లీ తొడగడానికి పల్లెలో ఏ ఆడమనిషీ ముందుకు రావడంలేదు. ఎవరికేం చుట్టుకుంటుందోనని భయం. పురుషోత్తం గారు ఆ పాక ముందు నిలబడి, పోతురాజు బతికే ఉన్నాడనీ, తప్పు తనదనీ, మర్నాటి పేపర్లో వెయ్యబోయేది బిగ్గరగా చదివారు. ఎవరూ కదల్లేదు. అప్పుడు సుభద్రమ్మ గారు తన చేతి గాజులు నాలుగు ఒలిచి, వెళ్లి లంకమ్మ చేతికి తొడిగారు. తన కుంకుమే తీసి బొట్టు పెట్టారు.

లంకమ్మ ఏడవలేదు, తిట్టలేదు. పురుషోత్తం గారి వంక చూసి ఒక్కటే అంది. "బాబూ, కాయితం మీద ఏసేముందు ఒక్కసారి మా గుమ్మంలోకొచ్చి అడిగుంటే, ఇంకా కాదు, ఆగు అనేదాన్ని గదా."

సోమవారం ఆఫీసుకి రాగానే కొత్త ఆర్డరు. ఎంత పెద్దవాళ్లు పోయినా, ఎంత దూరమైనా, మన మనిషి వాళ్ల గుమ్మానికి వెళ్లాలి. రాసింది ఇంటివాళ్లకి చదివి వినిపించాలి. వాళ్లు ఊఁ అంటేనే అచ్చుకి వెళ్లాలి. కింద 'ఇంటివాళ్లు విని ఒప్పుకున్న వార్త' అని ఒక వరస పడాలి.

ఆ మన మనిషిని నేనే. సైకిలు మీదా, పడవ మీదా, బురదలో చెప్పులు చేతబట్టుకునీ ఈ కృష్ణా దిగువన ఎన్ని గుమ్మాలు ఎక్కానో నాకే తెలియదు. మనం వేసేసరికి దినపత్రికల వార్త పాతబడిపోయేది, ఒక్కోసారి పదోరోజు భోజనాలు కూడా అయిపోయేవి. నేను వీధిలో కనిపిస్తే చాలు, "దేవదానం వస్తున్నాడు, ఎవరింటికో" అని తలుపులు వేసుకునేవాళ్లు. ఈ పని ఇంకెవరికైనా అప్పగించమని పోరుపెట్టాను. "నీకు విసుగైనా చదువుతావు. ఇంకొకడైతే వెళ్లకుండానే వెళ్లానంటాడు" అనేవారు.

దివిసీమలో ఒక మోతుబరి ఇంట్లో నా పేరు వినగానే, అరుగు ఎక్కనివ్వకుండా వాకిట్లోనే నిలబెట్టారు. ఎర్రటి ఎండ. అక్కడినుంచే చదివి వచ్చాను. ఎలా తెలిసిందో పురుషోత్తం గారికి తెలిసింది. ఆ తర్వాత ఆ ఇంట్లోనే ఇంకొకరు పోయినప్పుడు ఆయన నాతో వచ్చారు. అరుగు మీద కుర్చీ వేసి, "రండి, కూర్చోండి" అని ఎంత మర్యాద చేసినా కదల్లేదు. "ఫర్వాలేదండి, మా దేవదానం గారి పక్కన బాగానే ఉంది" అని నాతోపాటు ఎండలో నిలబడ్డారు. ఆయన నన్ను గారు అనడం ఆ ఒక్కసారే. చివరికి వాళ్లు రెండో కుర్చీ తెచ్చి వెయ్యక తప్పలేదు.

పోయిన శుక్రవారం పొద్దున్న ఎనిమిది వరసలు రాసుకుని ఆయన ఇంటికే వెళ్లాను. మొదటి పేజీలో చోటు అట్టిపెట్టి ఉంచాం. మిషను దగ్గరవాళ్లు నాకోసం కాచుకుని కూర్చున్నారు. సుభద్రమ్మ గారు గోడకి ఆనుకుని ఉన్నారు. పక్కన లంకమ్మ. గిలకలదిండి నుంచి గురువారమే వచ్చిందిట, మళ్లీ వెళ్లలేదు. చదివాను. సుభద్రమ్మ గారు పూర్తిగా విన్నారు.

"ఇంకా కాదు, ఆగు" అన్నారు.

ఇక మాట్లాడేదేముంది? వచ్చేశాను. ఆ చోట్లో కిరసనాయిలు స్టవ్వుల ప్రకటన వేశాం. ఊరంతా నవ్వితే నవ్వింది. నిజం చెప్పాలంటే నాకూ కాస్త హాయిగానే అనిపించింది. మన పత్రిక ప్రకారం ఆయన ఇంకో వారం ఉన్నట్టే కదా.

నిన్న తొమ్మిదో రోజు. ఇదిగో ఇప్పటిదాకా మీరు చదివినదంతా రాసుకుని మళ్లీ వెళ్లాను. చుట్టాలు దిగారు. మర్నాడు పదోరోజున ఆవిడకి చెయ్యాల్సినవాటి గురించి నడవలో ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. నేను అలవాటు కొద్దీ గుమ్మం బయటే నిలబడ్డాను.

"లోపలికి రావయ్యా. నీకేం కొత్తా?" అన్నారు సుభద్రమ్మ గారు.

వెళ్లి, నిలబడే చదివాను. పూర్తయ్యాక ఆవిడ, "ఎలక్షన్లో ఓడిన రోజు ఆయన ఏడ్చారు. అది రాయలేదే?" అన్నారు.

"రాయమంటారా అమ్మా?"

"నిజమే కదా. కుళాయి పోయినందుకు ఏడ్చారు, పదవి పోయినందుకు కాదు. అది కూడా రాయి."

రాశాను. ఆవిడ తన చేతి గాజుల వంక చూసుకుంటున్నారు. లంకమ్మ ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది.

"నువ్వు ఊఁ అనేదాకా ఎవురూ ఏం చెయ్యలేరమ్మా," అంది. "ఆనాడు బాబు నన్నడగలేదు. నిన్ను అడగమని చెప్పెళ్లాడు."

సుభద్రమ్మ గారు నా వైపు తలెత్తారు. నేను చదవాల్సింది ఇంకా ఏమైనా మిగిలుంటే బాగుండుననిపించింది. ఏమీ మిగల్లేదు. ఆవిడ ఊఁ అన్నారు.

నేను రాసిన దాంట్లో అనవసరపు మాటలు కొట్టేసే చెయ్యి ఇక లేదు. అదీ నా లోటు. మిగతావాళ్ల లోటు ఏమిటో గుమ్మం గుమ్మానికీ వెళ్లి కనుక్కోవాలి. కాళ్లు సహకరించినన్నాళ్లు వెళ్తాను. ఇప్పటికి మాత్రం, ఆయన పెట్టిన పద్ధతిలోనే, ఆయన వెయ్యనిచ్చే మాటల్లోనే వేస్తున్నాను:

మాజీ మునిసిపల్ కౌన్సిలరు, ఈ పత్రిక స్థాపకుడు పురుషోత్తం పోయారు.

ఇంటివాళ్లు విని ఒప్పుకున్న వార్త.