కాయిలు కూత

ఈ సంగతి నా డైరీకి తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ల క్రితం, ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో, ఆపరేషన్‌కి వెళ్తూ అమ్మ తీసిచ్చిన చెవిదుద్దుల్లో ఒకటి పెరటి ఇసుకలో పోగొట్టాను. ఆ సాయంత్రమే అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తోంది.

పక్కింటి ఫిట్టరు మావయ్య లోహాన్ని కనిపెట్టే మెషీను ఎక్కడో అడిగి తెచ్చాడు. దాని కర్ర కొసన, లోహం తగిలితే కూసే గుండ్రటి తీగచుట్టే కాయిలు. పెద్ద కాయిలుకు అంత చిన్న దుద్దు జాడ తెలియలేదు. చిన్నది తగిలిస్తే బోల్టు బిగియలేదు. కాయిలును చేత్తో అదిమిపట్టి వెతికాను. ఎక్కడ పెట్టినా ఒకటే కూత. విప్పాను, మళ్లీ బిగించాను. వేళ్లు చీరుకుపోయాయి, ఏడుపొచ్చేసింది.

"ఏటమ్మీ, ఖరగ్‌పూరంతా బంగారమేటి?" అంటూ మావయ్య నా గాజులకు వేలాడుతున్న పిన్నీసులు చూపించాడు.

అవి తీసేశాక, కుళాయి దగ్గర ఇసుకలో ఒక్కచోట మాత్రమే కూసింది. దుద్దు తవ్వి నా చేతిలో పెడుతూ మావయ్య అన్నాడు: "ఏడవకమ్మీ. మీ యమ్మకి నాను సెప్పన్లే."